వెలుగు లెక్క, బిల్లు లెక్క

సోలార్ ప్యానళ్లు, ఇన్వర్టర్లు, పవర్‌బ్యాంకుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. ప్రశ్నల్లో రాసిన కంపెనీల పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామనుకుంటున్నాం. ఒక ఏజెంటు వచ్చి, మామూలు ప్యానళ్లు కంటికి కనిపించే వెలుగునే పట్టుకుంటాయని, తమ ‘ఫుల్ స్పెక్ట్రమ్’ ప్యానళ్లు అల్ట్రావయొలెట్, ఇన్‌ఫ్రారెడ్ కూడా పట్టుకుంటాయని, పౌర్ణమి రాత్రి సైతం కొంత కరెంటు వస్తుందని చెప్పాడు. కిలోవాట్‌కు 12 వేలు ఎక్కువ అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా అండీ? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ఇవ్వకండి.

ముందు వెన్నెల సంగతి. వెలుగును కొలిచేది లక్స్‌లలో. నిండు పున్నమి వెలుగు సుమారు పావు లక్స్. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్. అంటే వెన్నెల ఎండలో నాలుగు లక్షల వంతు. 3 కిలోవాట్లను నాలుగు లక్షలతో భాగిస్తే వచ్చేది 7.5 మిల్లీవాట్లు. ఇన్వర్టర్ మేలుకోవడానికే కొన్ని పదుల వాట్లు కావాలి. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదే.

ఇన్‌ఫ్రారెడ్ విషయంలో మాత్రం ఆయన చెప్పింది పూర్తి అబద్ధం కాదు. తమాషా ఏమిటంటే, బజార్లో దొరికే ప్రతి సిలికాన్ ప్యానెలూ ఇన్‌ఫ్రారెడ్‌ను పట్టుకుంటుంది. వెలుగు తరంగాల పొడవును నానోమీటర్లలో చెబుతారు. మన కంటికి 400 నుంచి 700 నానోమీటర్ల దాకానే కనిపిస్తుంది, సిలికాన్ దాదాపు 1,100 దాకా తీసుకుంటుంది. ఆ హద్దు ఎందుకంటే, సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కనీసం 1.12 ఎలక్ట్రాన్‌వోల్ట్ల శక్తి కావాలి. ఒక్కో కాంతి కణం, అదే ఫోటాన్, దగ్గర ఎంత శక్తి ఉందో తెలియాలంటే 1,240ని దాని నానోమీటర్లతో భాగించండి. 1,100కి వచ్చేసరికి ఆ శక్తి సరిగ్గా అంచున ఉంటుంది. అంతకంటే పొడవైన తరంగాలు సిలికాన్‌ను కదిలించలేవు.

దీన్ని ఆర్టీసీ బస్సు అనుకోండి. టికెట్టు 1.12. అంతకు తక్కువ ఉన్నవాణ్ణి కండక్టరు ఎక్కనివ్వడు. ఎక్కువ ఉన్నవాణ్ణి ఎక్కిస్తాడు గానీ చిల్లర తిరిగివ్వడు. 450 నానోమీటర్ల నీలి ఫోటాన్ జేబులో 2.76 ఉంటుంది. అందులో 1.12 టికెట్టుకు పోగా మిగతా 1.64 వేడిగా మారిపోతుంది. 1,000 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఫోటాన్ దగ్గర ఉండేది 1.24, దాదాపు సరిపడా చిల్లరే. కాబట్టి సిలికాన్ పొదుపుగా వాడుకునేది కంటికి కనిపించని ఆ దగ్గరి ఇన్‌ఫ్రారెడ్‌నే. నేలను చేరే సూర్యశక్తిలో ఐదో వంతు అసలు బస్సెక్కలేదు, మూడో వంతు దాకా చిల్లర కింద పోతుంది. అందుకే సిలికాన్‌తో ఎంత గొప్పగా చేసినా 29.4 శాతం దాటదని లెక్క. బజారు ప్యానళ్లు 20 నుంచి 23 శాతం మధ్య ఉంటున్నాయి.

అల్ట్రావయొలెట్ నేలను చేరే శక్తిలో ఐదు శాతమే. చాలా ప్యానళ్లలో సెల్ మీద అతికించే ప్లాస్టిక్ పొర పసుపెక్కకుండా దాన్ని కావాలనే ఆపేస్తారు. హెచ్‌జేటీ అనే రకం ప్యానళ్లు కొన్నిటిలో యూవీని నీలి వెలుగుగా మార్చే ఫిల్ము వాడుతున్నారు. అదీ ప్రధానంగా సెల్‌ను కాపాడటానికే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: మీరు డబ్బు కట్టేది వాట్లకు. ఫ్యాక్టరీలో చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుగు, 25 డిగ్రీల సెల్, ఏఎం 1.5 అనే ప్రామాణిక స్పెక్ట్రమ్ కింద కొలిచాకే వెనక స్టిక్కరు మీద వాట్లు వేస్తారు. ఏ రంగు ఎంత పట్టిందన్నది ఆ అంకెలో కలిసిపోయింది. 550 వాట్ల ‘ఫుల్ స్పెక్ట్రమ్’ ప్యానెల్ 550 వాట్లదే. దానికి మళ్లీ వేరే రేటేమిటి?

అనుమానం తీరకపోతే టేపు తీసుకుని ప్యానెల్ కొలవండి. 2,278 మిల్లీమీటర్ల పొడవు, 1,134 వెడల్పు అంటే 2.58 చదరపు మీటర్లు. దాని మీద ప్రామాణిక ఎండ 2,580 వాట్లు పడుతుంది. స్టిక్కరు మీద 550 ఉంటే సామర్థ్యం 21.3 శాతం. ‘మాది 30 శాతం’ అన్నవాడి ప్యానెల్ అదే సైజులో 775 వాట్లు ఉండాలి. అలాంటిది ఇప్పుడు బజార్లో లేదు.

రెండు పనులు చేయండి. ఆయన చెప్పినవన్నీ కొటేషన్ మీద రాసి సంతకం పెట్టమనండి. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం, సరైన పరీక్ష లేకుండా పనితీరు మీద హామీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి. ‘మేం పరీక్షించాం’ అని వాదిస్తే దాన్ని నిరూపించే బాధ్యత అమ్మినవాడిదే, మీది కాదు. రెండోది, ఆ ప్యానళ్లు డీసీఆర్ (దేశీయ తయారీ నిబంధనకు సరిపోయేవి) అవునో కాదో అడగండి. పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు రూ. 30 వేలు, 2 కిలోవాట్లకు రూ. 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన రూ. 78 వేలు సబ్సిడీ ఉంది. దేశంలో తయారైన సెల్, దేశంలో తయారైన ప్యానెల్ అయితేనే అది వస్తుంది. దిగుమతి సరుకు తగిలిస్తే 36 వేలు అదనంగా ఇచ్చి 78 వేలు పోగొట్టుకున్నట్టు.

ప్రశ్న: ఫిబ్రవరి చివర్లో రోజుకు 14 యూనిట్లు ఇచ్చిన మా 3 కిలోవాట్ల సిస్టమ్ మే నెలలో 12 దాటడం లేదు. ఎండ ఎక్కువైతే కరెంటు తగ్గడమేమిటి? (రామగుండం)

జవాబు: ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. సెల్ వేడెక్కేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. డేటాషీటులో ‘టెంపరేచర్ కోఎఫిషియెంట్ ఆఫ్ పీమ్యాక్స్’ అని ఒక వరుస ఉంటుంది, ఒక డిగ్రీ వేడి పెరిగితే ఎంత శాతం వాట్లు తగ్గుతాయో చెప్పేది. ప్యానెల్ రకాన్ని బట్టి మోనో పెర్క్‌కు డిగ్రీకి 0.35 శాతం దగ్గర, టాప్‌కాన్‌కు 0.30 దగ్గర, హెచ్‌జేటీకి 0.25 దగ్గర ఉంటుంది. రోహిణి కార్తెలో మీ వైపు సెల్ 65 డిగ్రీలకు చేరడం మామూలే. 25 నుంచి 65కి తేడా 40. దాన్ని 0.35తో గుణిస్తే 14 శాతం. 3,000 వాట్లలో 420 అక్కడే ఆవిరి. పై జవాబులో చెప్పిన ‘చిల్లర’ పోయి చేరేది ఈ వేడిలోకే. దీనికి వేసవి దుమ్ము, వేడికి ఇన్వర్టర్ తనంతట తాను లోడు తగ్గించుకోవడం తోడైతే మీ రెండు యూనిట్లు దొరికినట్టే.

చేయగలిగింది గాలి ఆడనివ్వడం. రేకుల కప్పు మీద ప్యానెల్‌ను ఆనించి బిగిస్తే కింద వేడి నిలిచిపోతుంది. కనీసం జానెడు ఖాళీ ఉండాలి. డాబా మీద తక్కువ వైపున అడుగు ఎత్తు ఉంటే మంచిది. ఇన్వర్టర్‌ను పడమటి గోడకు ఎండలో పెట్టి ఉంటే నీడకు మార్పించండి. చల్లబరుద్దామని మధ్యాహ్నం నీళ్లు మాత్రం కొట్టకండి. కాగిన గాజు మీద చన్నీళ్లు పడితే పగలొచ్చు. తెల్లవారుజామున కడగండి, సబ్బు వద్దు. బోరు నీళ్లు కఠినమైనవైతే కడిగిన వెంటనే వైపరుతో లాగేయండి, లేకపోతే తెల్లటి పొర కట్టి వెలుగును అడ్డుకుంటుంది. ఆ పొరను యాసిడ్‌తో గోకినవారి ప్యానళ్ల మీద గాజుకు వేసిన ప్రతిబింబ నిరోధక పూత పోతుంది. అది ఇక రాదు.

ప్రశ్న: నా క్యాలిక్యులేటర్ ట్యూబ్‌లైట్ కింద పనిచేస్తుంది. మా ఇంటి మీది సోలార్ రాత్రి వీధిలైటు వెలుగులో ఎందుకు పనిచేయదు? (9వ తరగతి విద్యార్థి, సిద్దిపేట)

జవాబు: మంచి ప్రశ్న బాబూ. క్యాలిక్యులేటర్‌లో ఉండేది అమార్ఫస్ సిలికాన్. దాని టికెట్టు సుమారు 1.7, అంటే 730 నానోమీటర్ల దాకానే పట్టుకుంటుంది. ట్యూబ్‌లైటు, ఎల్‌ఈడీ ఇచ్చేదంతా 400–700 మధ్యే కాబట్టి జోడీ కుదిరింది. పైగా క్యాలిక్యులేటర్‌కు కావలసింది కొన్ని మైక్రోవాట్లే. 300 లక్స్ ఉన్న గదిలో చదరపు మీటరుకు వెలుగు శక్తి ఒక వాటు మాత్రమే ఉంటుంది. ఎండలో అదే వెయ్యి. అందుకే వీధిలైటు వెలుగు మీ ఇంటి మీది ఇన్వర్టర్‌ను మేల్కొల్పడానికి చాలదు.

ఒక ప్రయోగం చెయ్యి. తోటలో గుచ్చే చిన్న సోలార్ దీపం పాతది దొరికితే దాని సెల్ తీగలను మల్టీమీటర్‌కు 200 మిల్లీవోల్ట్ డీసీ రేంజిలో పెట్టు. గది చీకటి చేసి, టీవీ రిమోట్‌ను సెల్‌కు ఆనించి బటన్ నొక్కు. కంటికి ఏమీ కనిపించదు గానీ అంకెలు కదులుతాయి. రిమోట్ వదిలేది 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్. అదే రిమోట్‌ను క్యాలిక్యులేటర్ సెల్ మీద పెడితే ఏమీ జరగదు. ఎందుకో ఇప్పుడు నువ్వే చెప్పగలవు.

ప్రశ్న: ఐదేళ్ల కిందట 540 వాట్ల ప్యానళ్లు ఆరు పెట్టించాం. ఈ ఏడాది ఉత్పత్తి బాగా తగ్గింది. కంపెనీకి ఫోన్ చేస్తే ‘పాతబడ్డాయి సార్, నార్మలే’ అంటున్నారు. 25 ఏళ్ల వారంటీ అన్నారు కదా? (నిజామాబాద్)

జవాబు: ‘నార్మల్’ అన్నది అంకె కాదు. మీ వారంటీ కాగితంలో అంకె ఉంది, అది తీయండి. అందులో రెండు వారంటీలు ఉంటాయి. ఒకటి వస్తువు మీద, సాధారణంగా 10–12 ఏళ్లు. రెండోది వాట్ల మీద, 25 ఏళ్లు. పెర్క్ ప్యానళ్లకు మొదటి ఏడాది 2 శాతం, తర్వాత ఏటా 0.55 శాతం తగ్గొచ్చని రాసుకుంటారు. ఆ లెక్కన ఐదో ఏడాది చివరికి 95.8 శాతం, అంటే 517 వాట్లు ఉండాలి. కొలతలో 3 శాతం అటూఇటూ అని కూడా షరతు ఉండొచ్చు. అది తీసేసినా 500 దిగువకు రాకూడదు.

కంపెనీతో మాట్లాడేముందు మీ వైపు లెక్క సరిచూసుకోండి. ప్యానళ్లు కడిగించండి. ఐదేళ్లలో పెరిగిన వేపచెట్టు నీడ, కొత్తగా లేచిన పక్కింటి వాటర్ ట్యాంకు నీడ పడుతున్నాయేమో ఉదయం తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకు ఫోటోలు తీయండి. యాప్‌లో మే నెలను మే నెలతోనే పోల్చండి, డిసెంబరుతో కాదు. మధ్యాహ్నం పూట గ్రాఫు ఒక్కసారిగా సున్నాకు పడి మళ్లీ లేస్తుంటే తప్పు ప్యానెల్‌ది కాదు. లైన్లో వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్ ట్రిప్పవుతోంది. అది విద్యుత్ సంస్థ చూడాల్సింది.

ఇవేవీ కాకపోతే కొలత. మీరే చేయకండి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎదురుగా నిలబడండి. మబ్బులేని రోజు పదకొండున్నర, పన్నెండున్నర మధ్య చేయాలి. ముందు ఏసీ బ్రేకర్, తర్వాత డీసీ ఐసోలేటర్ ఆపాలి. కరెంటు పారుతుండగా ప్యానళ్ల తీగలను కలిపే ఎంసీ4 కనెక్టరు లాగితే ఆర్క్ లేచి చెయ్యి కాలుతుంది. ఈ వరుస తప్పిస్తే ప్రమాదం మామూలుది కాదు. తర్వాత స్ట్రింగు, అంటే వరుసగా కలిపిన ఆరు ప్యానళ్ల, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ చూడాలి. ఒక్కో ప్యానెల్ స్టిక్కరు మీద 49.5 వోల్టులుంటే ఆరింటికి 297. అది 25 డిగ్రీల లెక్క. సెల్ 60 డిగ్రీల్లో ఉంటే డిగ్రీకి 0.27 శాతం చొప్పున తగ్గి 269 దగ్గర ఉండాలి. ఇక్కడే అసలు విషయం బయటపడుతుంది. 15 వోల్టులు తక్కువ చూపిస్తే ఎక్కడో ఒక బైపాస్ డయోడు షార్ట్ అయింది, ఎందుకంటే ప్యానెల్‌కు మూడు డయోడ్లు, ఒక్కోటి మూడో వంతు చూసుకుంటుంది. 45 తక్కువైతే ఒక ప్యానెల్ మొత్తం లెక్కలో లేదు. వోల్టేజీ సరిగానే ఉండి కరెంటు తక్కువైతే ప్యానళ్లను విడివిడిగా షార్ట్ సర్క్యూట్ కరెంటుకు చూడాలి. డీసీ క్లాంప్ మీటర్ కావాలి, ఇళ్ల వైరింగుకు వాడే ఏసీ క్లాంప్ సున్నా చూపిస్తుంది. ఐదు ప్యానళ్లు 11.8 ఆంపియర్లు ఇస్తూ ఒకటి 9 ఇస్తే దొంగ దొరికినట్టే.

ఫోన్లో లక్స్ యాప్ పెట్టి ‘ఎండ లక్ష ఉంది, వాట్లు లేవు’ అని వాదించకండి. లక్స్ మనిషి కంటికి తగ్గట్టు కొలిచేది, 555 నానోమీటర్ల ఆకుపచ్చ దగ్గర దానికి మోజెక్కువ. ప్యానెల్ 1,100 దాకా తింటుంది. ఎండను చదరపు మీటరుకు వాట్లలో కొలిచే పైరనోమీటర్ లేదా రిఫరెన్స్ సెల్ ఉంటేనే ఆ వాదన నిలుస్తుంది. పైకి కనిపించని పగుళ్లకు మరో పరీక్ష ఉంది. చీకట్లో ప్యానెల్‌కు బయటినుంచి కరెంటు ఎక్కిస్తే సిలికాన్ తానే 1,150 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. ప్రత్యేక కెమెరాలో పగిలిన భాగం నల్లగా కనిపిస్తుంది. దీన్ని ఈఎల్ టెస్ట్ అంటారు.

ఇప్పుడు కాగితం పని. ప్యానెల్ సీరియల్ నంబర్లు గాజు లోపలే ఉంటాయి, ఆరింటినీ ఫోటో తీయండి. బిల్లు, వారంటీ కార్డు, యాప్ గ్రాఫులు, ఎలక్ట్రీషియన్ సంతకం చేసిన కొలతలు జతచేసి అమ్మిన సంస్థకూ, తయారీదారుకూ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. ఫోన్లో మాట్లాడింది తర్వాత నిరూపించడం కష్టం. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి, అక్కడే చాలావరకు కదలిక వస్తుంది. అదీ కాకపోతే నిజామాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. మీరు చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. లోపాన్ని పరీక్షతోనే తేల్చాలంటే కమిషన్ ప్యానెల్‌ను ల్యాబుకు పంపుతుంది. ఆ ఫీజు ముందు మీరే కట్టాలి, గెలిస్తే ఖర్చుల్లో అడగండి.

రెండేళ్ల గడువు మరిచిపోకండి. అది కొన్న రోజు నుంచి కాదు, వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి. చట్టం మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చమంటుంది. అంతకంటే ఎక్కువే పట్టొచ్చని మనసులో పెట్టుకోండి.

ప్రశ్న: ఆన్‌లైన్లో సోలార్ పవర్‌బ్యాంకు కొన్నాను, 10,000 ఎంఏహెచ్. ‘ఎండలో పెడితే రోజులో నిండుతుంది’ అని రాశారు. మూడు రోజులైనా ఒక గీతే వచ్చింది. రిటర్న్ గడువు 7 రోజులు దాటిందంటున్నారు. (కర్నూలు)

జవాబు: మీది పాడవలేదు, అబద్ధం అమ్మారు. 10,000 ఎంఏహెచ్‌ను లోపలి బ్యాటరీ 3.7 వోల్టులతో గుణిస్తే 37 వాట్‌అవర్లు. దాని వీపు మీది అరచేయంత ప్యానెల్ ఒకటిన్నర వాట్లు. ఐదు గంటల మంచి ఎండలో 7.5, నష్టాలు పోగా 5 చేతికొస్తే గొప్ప. నిండాలంటే ఏడెనిమిది రోజులు. ఈలోగా ఎండలో కాగి లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, ఉబ్బినా ఉబ్బుతుంది. దాన్ని ఎండలో పెట్టడం మానేయండి, గోడ చార్జరుతోనే నింపండి.

7 రోజులన్నది వాళ్లు నచ్చకపోతే వెనక్కిచ్చేందుకు పెట్టుకున్న గడువు. తప్పుడు వర్ణనతో అమ్మిన సరుకు మీద మీ హక్కు దాంతో ఆగిపోదు. ప్రకటన పేజీ మార్చేలోపు స్క్రీన్‌షాట్ తీసుకోండి. వెబ్‌సైటు గ్రీవెన్స్ ఆఫీసరుకు రాతపూర్వకంగా పంపండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అలాగే పవర్‌బ్యాంకు మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. నంబరు లేకపోయినా, వేరే కంపెనీది చూపించినా ఫిర్యాదు రెండింతలు బలపడుతుంది.

ప్రశ్న: ఇన్వర్టర్ నాలుగో ఏడాదిలో ఆగిపోయింది. కంపెనీ మనిషి పది రోజులు రాకపోతే స్థానిక మెకానిక్ మూత తీసి చూశాడు, ఏమీ ముట్టుకోలేదు. ఇప్పుడు సీలు చిరిగిందని ఐదేళ్ల వారంటీ చెల్లదంటున్నారు. (భీమవరం)

జవాబు: మూత తీయించకుండా ఉండాల్సింది. తీశారు కాబట్టి ఇప్పుడు వాదనను సరిగ్గా నిలబెట్టుకోవాలి. మన దేశంలో రిపేరు హక్కుకు విడిగా చట్టం ఇంకా లేదు. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది, విడిభాగాలు, సర్వీసు వివరాలు కంపెనీలు అందులో పెట్టాలని. అది మంచి ప్రయత్నమేగానీ మీ కేసు నడిచేది 2019 చట్టం మీదే.

సర్వీసు మనిషిని ఊరికే పంపకండి. ఫాల్టు కోడు, ఏ భాగం పోయింది, ఎందుకు పోయింది అన్నవి జాబ్‌కార్డు మీద రాయించుకోండి. ఇన్వర్టర్లో తరచూ పోయేవి ఫ్యాను, రిలే, డీసీ వైపు కెపాసిటర్లు, ఐజీబీటీలు. ఇవి మూత తీసినందుకు పోవు. సీలు చిరగడానికీ ఈ లోపానికీ సంబంధం ఏమిటో రాసివ్వమని అడగండి. ఇన్వర్టర్ మెమొరీలో ఆగిన తేదీ, సమయం ఉంటాయి, మెకానిక్ వచ్చింది ఆ తర్వాతేనని అదే చెబుతుంది. పది రోజులు రాలేదన్నదానికి మీ ఫిర్యాదు నంబరు, ఎస్‌ఎంఎస్‌లు దాచుకోండి. సేవాలోపం అక్కడే మొదలైంది.

జాబ్‌కార్డు మీద ‘సర్జ్’ (ఉన్నట్టుండి వోల్టేజీ ఎగబాకడం) అని రాస్తే మాత్రం కథ మారుతుంది. పిడుగు, లైను సర్జ్ నష్టాన్ని చాలా వారంటీలు మినహాయిస్తాయి. అప్పుడు ప్రశ్న ఇన్‌స్టాలర్‌ది అవుతుంది: డీసీకి, ఏసీకి, లైట్నింగ్ అరెస్టర్‌కు వేర్వేరు ఎర్తింగులు వేశాడా, సర్జ్‌ను అడ్డుకునే ఎస్‌పీడీలు పెట్టాడా? మీది కేంద్ర సబ్సిడీ పథకం కింద పెట్టించిందైతే ఐదేళ్ల నిర్వహణ బాధ్యత వెండర్‌దే. ఇంకో మాట, మెకానిక్ ఎవరైనా సరే, ఆపిన పది నిమిషాల దాకా లోపల చెయ్యి పెట్టనివ్వకండి. కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

ప్రశ్న: 5 హెచ్‌పీ సోలార్ పంపు నీళ్లు సరిగా తోడటం లేదు. కేసు వేస్తామంటే ‘వ్యవసాయం వ్యాపారం, నువ్వు వినియోగదారుడివి కావు’ అంటున్నారు. (అనంతపురం జిల్లా)

జవాబు: ఆ మాట పాతదే. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని చట్టంలోనే వివరణ ఉంది. విత్తనాల కేసులో మన ఆంధ్ర రైతులు వినియోగదారులేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు చేయాల్సింది కొలత. పన్నెండు గంటలకు 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతోందో మూడు రోజులు వీడియో తీయండి, బోరులో నీటిమట్టం ఎన్ని అడుగుల్లో ఉందో తాడుతో చూసి రాయండి. ఏ లోతుకు రోజుకు ఎన్ని లీటర్లు ఇవ్వాలో సరఫరా ఒప్పందంలో ఉంటుంది. మట్టం పడిపోయి ఉంటే తప్పు పంపుది కాకపోవచ్చు, అందుకే ఆ కొలత ముందే దగ్గరుండాలి.

ప్రశ్న: 34 శాతం ప్యానళ్లు వస్తున్నాయట. ఆగమంటారా? (కూకట్‌పల్లి)

జవాబు: వద్దు. అవి టాండెమ్ సెల్స్. బస్సు ఉపమానంలోనే చెప్పాలంటే, పైన ఖరీదైన టికెట్టు బస్సు, కింద చవక బస్సు. పైన పెరోవ్‌స్కైట్ అనే పదార్థపు పొర సుమారు 740 నానోమీటర్ల లోపు వెలుగును తీసుకుని, మిగతాది కింది సిలికాన్‌కు వదులుతుంది. చిల్లర నష్టం తగ్గుతుంది. 2025లో చైనా కంపెనీ లాంజీ 34.85 శాతం చూపించింది, అయితే అది ల్యాబులో చిన్న సెల్. 2024లో ఆక్స్‌ఫర్డ్ పీవీ అమెరికాకు అమ్మిన ప్యానళ్ల సామర్థ్యం 24.5 శాతం. రెండు పొరలూ వరుసగా కలిసి ఉంటాయి కాబట్టి తక్కువ కరెంటిచ్చేది రెండోదాన్ని కూడా ఆపుతుంది. సాయంత్రం వెలుగు ఎర్రబడగానే పై పొర ఆకలితో ఉంటుంది. తేమ, వేడి తగిలితే పెరోవ్‌స్కైట్ పాడవుతుంది. కృష్ణా తీరంలోనో కోస్తాలోనో 25 ఏళ్లు నిలిచినట్టు ఇంకా ఎవరూ చూడలేదు. ఉపగ్రహాల మీద మూడు పొరల సెల్స్ ఎప్పటినుంచో ఉన్నాయి, వాటి ధర ఇంటి పైకప్పుకు సరిపోదు. కరెంటు బిల్లు మాత్రం ప్రతి నెలా వస్తోంది కదా.

ప్రశ్న: కాకినాడలో అమ్మానాన్నల ఇంటికి సోలార్ డబ్బు నేనే ఇక్కడినుంచి పంపాను, బిల్లు నా పేరు మీదుంది. నాన్నగారు ఫిర్యాదు చేయొచ్చా? (డల్లాస్)

జవాబు: చేయొచ్చు. కొన్నవారి సమ్మతితో వాడేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. చెల్లింపు మీదేనని చూపే బ్యాంకు స్టేట్‌మెంటు, సమ్మతి లేఖ ఇవ్వండి. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఇంటినుంచే దాఖలు చేయొచ్చు.

ప్రశ్న: వడగళ్లకు రెండు ప్యానళ్లు పగిలాయి. వారంటీ వస్తుందా? పాతవి ఇనుప సామాన్లవాడికి ఇవ్వొచ్చా? (ఆదిలాబాద్)

జవాబు: వారంటీ కింద రావడం కష్టం. ప్యానళ్లను 25 మిల్లీమీటర్ల మంచు గోళాన్ని సెకనుకు 23 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షిస్తారు. అంతకంటే పెద్ద వడగళ్లు పడితే కంపెనీ చేతులెత్తేస్తుంది. ఇంటి బీమాలో సోలార్‌ను చేర్పించి ఉంటే అక్కడ క్లెయిమ్ చేయండి. వడగళ్ల పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో ఉంటే పని సులువు.

సామాన్లవాడికి వద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ ప్యానళ్లూ ఉన్నాయి, వాటి బాధ్యత తయారీదారుకూ ఉంది. అమ్మినవారికి రాసి తీసుకెళ్లమనండి. వాళ్లు వచ్చేదాకా ఒక జాగ్రత్త: పగిలిన ప్యానెల్ కూడా వెలుగు పడితే కరెంటు ఇస్తూనే ఉంటుంది. తడి చేత్తో ఫ్రేము ముట్టుకోకండి. రబ్బరు గ్లవుజులు తొడిగిన ఎలక్ట్రీషియన్‌తో విప్పించి, గాజు వైపు కిందికి బోర్లించి పైన తార్పాలిన్ కప్పండి, ఎంసీ4 కొసలకు విడివిడిగా ఇన్సులేషన్ టేపు చుట్టండి.